పంటి చికిత్సంటే భయపడేవారికి ఏ మత్తు తగినది? గ్యాస్, మాత్ర, నరానికిచ్చే మందు, పూర్తి మత్తుల పోలిక

పంటి నొప్పి మొదలైన నాడే పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు మన వైపు తక్కువ. ముందు లవంగ నూనె అద్దిన దూది, తరువాత మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర, అది కూడా పనిచేయనప్పుడు బుగ్గ వాచాక ప్రయాణం. కావలి నుంచి నెల్లూరుకో, పొదిలి నుంచి ఒంగోలుకో అలా ఆలస్యంగా చేరేవారిలో డబ్బుకు వెనకాడినవారు కొందరైతే, ఆ కుర్చీకి భయపడి వెనకాడినవారు మరికొందరు. భయం వల్ల జరిగే ఆలస్యం రెండు విధాల చెరుపు చేస్తుంది. పుచ్చు ముదిరి పన్ను చేజారడం అందరికీ తెలిసినదే. రెండోది చాలామందికి తెలియదు. పంటి చుట్టూ చీము చేరి వాపు ముదిరినప్పుడు అక్కడి కండలో ఆమ్లగుణం పెరుగుతుంది. దానివల్ల తిమ్మిరి మందు నొప్పిని మోసే నరంలోకి చొరబడగల రూపంలో తక్కువగా మిగులుతుంది. మామూలు రోజున చక్కగా పనిచేసే సూది ఆ రోజున అరకొరగా పనిచేస్తుంది. నొప్పి పుడుతుందని ఆగిన మనిషికి, ఆగినందువల్లనే నొప్పి పుడుతుంది. ఆ జ్ఞాపకంతో అతడు మరోసారి ఇంకా ఎక్కువ కాలం ఆగుతాడు.

ఈ భయాన్ని తగ్గించి చికిత్స చేసే మార్గాలు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. ముక్కుకు పెట్టే గ్యాస్ ఉంది, మింగే మాత్ర ఉంది, చేతి నరానికి, అంటే రక్తనాళానికి, ఇచ్చే ఇంజెక్షన్ ఉంది, ఆపరేషన్ థియేటర్లో ఇచ్చే పూర్తి మత్తు ఉంది. వీటిలో ఏది గొప్పదని అడిగితే సరైన సమాధానం దొరకదు. ఏది ఎవరికి, ఏ పనికి, ఎంత దూరం నుంచి వచ్చి ఎలా తిరిగి వెళ్ళేవారికి అని అడిగితే దొరుకుతుంది. నా దృష్టిలో ముందుగా తేల్చుకోవలసింది మన భయం దేని మీద ఉందన్నది. ఆ తరువాత, మత్తు లోతు పెరిగేకొద్దీ మందు పేరు కన్నా మన శ్వాసను కనిపెట్టుకుని కూర్చునే మనిషి ఎవరన్నది ముఖ్యమవుతుంది. మిగిలినదంతా ఈ రెండింటి చుట్టూ తిరిగేదే.

తిమ్మిరి సూది సంగతి ముందు

పన్ను దగ్గర వేసే సూది ఆ చోటును మాత్రమే తిమ్మిరెక్కిస్తుంది. అది నొప్పిని ఆపుతుంది, మనసును తాకదు. డాక్టర్లు సెడేషన్ అనే మత్తు మనసును నెమ్మదింపజేస్తుంది, కానీ పంటి నొప్పిని పూర్తిగా ఆపదు. అందువల్ల గ్యాస్ పీల్చినా, మాత్ర మింగినా, నరానికి మందు ఎక్కించినా పన్ను దగ్గర తిమ్మిరి సూది తప్పదు. మత్తు ఇస్తే సూది ఉండదట అన్న ఆశతో వచ్చినవారు ఆ సంగతి కుర్చీలో కూర్చున్నాక తెలిసి లేచిపోవడం జరుగుతుంటుంది కనుక ఈ మాట మొదటే చెబుతున్నాను. సూది పడే క్షణం పెద్ద విషయంగా తోచకుండా చేయడమే మత్తు చేసే మేలు.

ఆ సూదిలో సాధారణంగా ఉండేది లిగ్నోకైన్. 1943లో స్వీడన్‌లో తయారైన ఈ మందును మన దేశంలో పంటి పనికి ఎక్కువగా 2 శాతం ద్రావణంగా, 80,000 వంతులకు ఒక వంతు అడ్రినలిన్ కలిపి వాడతారు. అడ్రినలిన్ అక్కడి రక్తనాళాలను ముడుచుకునేలా చేసి మందును ఎక్కువసేపు నిలుపుతుంది. కొందరికి సూది వేసిన కాసేపటికే గుండె దడదడలాడడానికి కారణం కూడా అదే. ఆ దడను చూసి, తమకు ఇంజెక్షన్ పడదని జీవితమంతా నమ్మేవారున్నారు. లిగ్నోకైన్‌కు నిజమైన అలర్జీ చాలా అరుదు. దడ వచ్చిన సంగతి డాక్టరుకు చెబితే, అవసరాన్ని బట్టి అడ్రినలిన్ తక్కువగా ఉన్నదో, అసలు లేనిదో ఎంచుకునే వీలుంటుంది.

సూది వేసే చోట చిగురును తుడిచి తిమ్మిరి జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగే డాక్టరు, మందును నిమిషానికి ఒక మిల్లీలీటరుకు మించకుండా నెమ్మదిగా ఎక్కించే డాక్టరు, కింది దవడకు వేసినప్పుడు పెదవి పూర్తిగా మొద్దుబారిందని చూసుకున్నాకే పని మొదలుపెట్టే డాక్టరు దొరికితే, మత్తు కావాలనుకుని వచ్చినవారిలో చాలామందికి దాని అవసరమే ఉండదు. క్లినిక్ ఎంచుకునేటప్పుడు మత్తు యంత్రాలున్నాయా అని అడిగే ముందు, ఆ డాక్టరు దగ్గర పన్ను తీయించుకున్న వారిని సూది ఎలా వేశారని అడగడం మంచిది.

మీ భయం ఎంత, దేని మీద

పంటి డాక్టర్లు వాడే ఐదు ప్రశ్నల కొలమానం ఒకటి ఉంది. రేపు చికిత్సకు వెళ్ళాలంటే ఎంత భయం, క్లినిక్ బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు ఎంత భయం, డ్రిల్లింగ్ చేయబోతున్నారంటే ఎంత, పళ్ళు క్లీనింగ్ చేయబోతున్నారంటే ఎంత, చిగురులో సూది వేయబోతున్నారంటే ఎంత అని అడిగి, ఒక్కొక్కదానికి ఏమీ లేదంటే 1, విపరీతమంటే 5 చొప్పున వేస్తారు. మొత్తం 5 నుంచి 25 మధ్య వస్తుంది. 19 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రమైన భయంగా లెక్కిస్తారు. ఇంట్లో కాగితం మీద వేసుకోవచ్చు. మొత్తం ఎంతన్నది ఒక సమాచారమైతే, ఏ ప్రశ్నకు 5 పడిందన్నది అంతకన్నా పనికివచ్చే సమాచారం.

సూది ఒక్కదానికే 5 పడి మిగిలినవి తక్కువగా ఉంటే, జెల్‌తోనూ నెమ్మదైన చేతితోనూ, మరీ అవసరమైతే గ్యాస్‌తోనూ పని జరుగుతుంది. డ్రిల్లు శబ్దానికే భయమైతే చెవుల్లో పాటలు పెట్టుకుని, చేయి ఎత్తగానే ఆపేలా డాక్టరుతో ముందే ఒప్పందం చేసుకుంటే చాలావరకు తగ్గుతుంది. నోట్లో అద్దం పెట్టగానే వాంతి వచ్చేవారి సమస్య భయం కన్నా గొంతు స్వభావానికి సంబంధించినది, వారికి గ్యాస్ బాగా పనిచేస్తుంది. అన్నిటికీ 4, 5 పడి, ముందు రాత్రి నిద్ర కూడా పట్టనివారికి మాత్రమే మాత్ర గురించో, నరానికిచ్చే మత్తు గురించో ఆలోచించాలి.

పై దవడ పన్ను తీయిస్తే చూపు పోతుందన్న భయం కూడా మన పల్లెల్లో గట్టిగానే ఉంది. దీనికి ఏ మత్తూ మందు కాదు. పై పళ్ళకు స్పర్శనిచ్చే నరం వేరు, చూపును మోసే నరం వేరు. పన్ను తీసినందువల్ల చూపు పోదు. పెద్దవాళ్ళతో ఈ మాట ఇంట్లోనే ఒకటికి రెండుసార్లు నెమ్మదిగా చెప్పి తీసుకురావడం అన్నిటికన్నా మేలు.

ముక్కుకు పెట్టే గ్యాస్

నైట్రస్ ఆక్సైడ్‌ను 1772లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ కనుగొన్నాడు. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే పంటి డాక్టరు ఆ గ్యాస్ పీల్చి తన పన్నునే తీయించుకున్నాడు. ఇంతకాలం నిలిచి ఉండడానికి కారణం దీని మీద డాక్టరుకు ఉండే అదుపే. ముక్కు మీద చిన్న మాస్కు పెట్టి మొదట ఆక్సిజన్ మాత్రమే ఇస్తారు. తరువాత గ్యాస్‌ను కొంచెం కొంచెంగా పెంచుతూ, రోగి మాట, కళ్ళు, చేతులు గమనిస్తారు. చాలామందికి 30 నుంచి 50 శాతం మధ్య సరిపోతుంది. పొలానికి తూము తిప్పి నీరు పెట్టినట్టు, ఎక్కువైతే ఆ క్షణంలోనే తగ్గించవచ్చు. ఎంత పెంచినా ఆక్సిజన్ 30 శాతానికి తగ్గకుండా యంత్రంలోనే కట్టుదిట్టం ఉంటుంది. మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఒళ్ళు తేలికవుతుంది, చేతివేళ్ళు జివ్వుమంటాయి, చుట్టూ జరిగేది దూరంగా జరుగుతున్నట్టుంటుంది. మనిషి మెలకువగానే ఉండి, అడిగినదానికి బదులు చెబుతాడు. పని ముగిశాక ఐదు నిమిషాలు ఆక్సిజన్ ఇస్తే గ్యాస్ ఒంట్లోంచి వెళ్ళిపోతుంది.

మధ్యస్థమైన భయం ఉన్న పెద్దలకూ, చెప్పిన మాట అర్థం చేసుకునే వయసు పిల్లలకూ నేను మొదట సూచించేది ఇదే. ఉదయగిరి నుంచో, కనిగిరి నుంచో బస్సులో వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్ళవలసినవారికి దీనికి సాటివచ్చేది లేదు.

దీనికి పరిమితులున్నాయి. ముక్కుతో గాలి పీల్చలేకపోతే ఇది పనిచేయదు; జలుబు చేసిన రోజున వాయిదా వేసుకోవాలి. పై ముందు పళ్ళ పనికి మాస్కు అడ్డు వస్తుంది. ముఖం మీద ఏదైనా పెడితేనే ఊపిరాడనట్టయ్యేవారికి ఇది సరిపడదు. తీవ్రమైన భయానికి ఇది చాలకపోవచ్చు. గర్భం మొదటి మూడు నెలల్లో వాడరు. చెన్నైలోనో మరోచోటో రెటీనా ఆపరేషన్ చేయించుకుని కంట్లో గ్యాస్ బుడగ పెట్టించుకున్నవారు, డాక్టరు అడిగినా అడగకపోయినా తప్పక చెప్పాలి. నైట్రస్ ఆ బుడగను ఉబ్బించి చూపుకే ముప్పు తెస్తుంది. ఈ గ్యాస్ విటమిన్ బి12 పనిని దెబ్బతీస్తుంది కనుక, ఆ లోపం ఉన్నట్టు తేలినవారు దూరంగా ఉండాలి. ఏళ్ళ తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారిలోనూ, గుడ్డు కూడా ముట్టని శాకాహారుల్లోనూ ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. కాళ్ళు తిమ్మిర్లు ఉంటే ముందు పరీక్ష చేయించుకోవడం మంచిది. చీమకుర్తి క్వారీల్లో ఏళ్ళపాటు రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవారు, పొగతాగి ఆయాసం తెచ్చుకున్నవారు ఊపిరితిత్తుల డాక్టరు మాట తీసుకున్నాకే ఏ మత్తుకైనా ఒప్పుకోవాలి.

ఈ యంత్రం ప్రతి క్లినిక్‌లోనూ ఉండదు. పిల్లల పంటి డాక్టర్ల దగ్గర దొరికే అవకాశం ఎక్కువ. నెల్లూరులోని నారాయణ దంత వైద్య కళాశాల వంటి బోధనాసుపత్రుల్లో పిల్లల దంత వైద్యం, నోటి శస్త్రచికిత్స వేర్వేరు విభాగాలుగా ఉంటాయి కనుక అక్కడ విచారించడం తేలిక.

మాత్ర: చవకైనది, అదుపు తక్కువైనది

డయజిపామ్, అల్ప్రజోలామ్, మిడజోలామ్ వంటి మందుల్లో ఒకదాన్ని పనికి సుమారు గంట ముందు వేసుకోమంటారు; కొందరికి ముందు రాత్రి నిద్ర కోసం కూడా ఇస్తారు. ఖర్చు అన్నిటికన్నా తక్కువ, యంత్రం అక్కరలేదు, సూది లేదు. అందుకే అందరికీ ఇదే సులభంగా తోస్తుంది. నాకు మాత్రం ఇది జాగ్రత్త ఎక్కువగా అవసరమైన మార్గంగా కనిపిస్తుంది. కడుపులో పడిన మాత్రను వెనక్కి తీయలేము, అది ఎంత వేగంగా, ఎంత గట్టిగా పనిచేస్తుందో మనిషి మనిషికీ మారుతుంది. ఒకరికి ఏమీ కానట్టుంటుంది. అదే మోతాదుకు మరొకరు మాట తడబడి నిద్రలోకి జారుతారు. ఇంకా పట్టలేదని రెండో మాత్ర వేసుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే మొదటిది ఆలస్యంగా పట్టుకునేసరికి రెండూ కలుస్తాయి.

ఈ మందులు షెడ్యూల్ హెచ్-1 జాబితాలోనివి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినదాన్ని షాపువారు వేరే పుస్తకంలో రాసుకోవాలి. ఇంట్లో అవ్వ నిద్రకు వాడే మాత్రల్లోంచి ఒకటి తీసుకుని వెళ్ళే అలవాటును పూర్తిగా మానుకోవాలి. మద్యం తాగినవారికి, ట్రమడాల్ వంటి నొప్పి మందులు వాడుతున్నవారికి ఈ మాత్రలు శ్వాసను ప్రమాదకరంగా మందగింపజేస్తాయి. రోజూ తాగే అలవాటున్నవారిలో మామూలు మోతాదు పనిచేయకపోవచ్చు, అప్పుడు మోతాదు పెంచడం మరో ప్రమాదం. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు, ఫ్లూకొనజోల్ వంటి ఫంగస్ మందులు మిడజోలామ్ ప్రభావాన్ని పెంచుతాయి. పంటి చీముకని అంతకుముందే ఎవరో రాసిచ్చిన మందుల చీటీని కూడా వెంట తీసుకెళ్ళడం అందుకే అవసరం. డయజిపామ్ పెద్ద వయసువారి ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది. మరునాటి తెల్లవారుజామున దొడ్డివైపు లేచి తూలిపడితే తుంటి ఎముక విరుగుతుంది.

దూరం నుంచి వచ్చేవారికి ఒక మాట. కనిగిరిలో ఇంట్లో మాత్ర మింగి ఒంగోలు బస్సెక్కడం మంచి పద్ధతి కాదు. మందు బస్సులో పట్టుకుంటే చూసేవారుండరు, బస్సు ఆలస్యమైతే పని మొదలయ్యేసరికి దిగిపోతుంది. క్లినిక్‌కు ముందే చేరి, అక్కడ మనిషి ఎదుట మింగి, అక్కడే గంటసేపు కూర్చోవాలి. అలా కూర్చోబెట్టడానికి చోటూ మనిషీ లేని క్లినిక్‌లో మాత్ర పద్ధతికి ఒప్పుకోవద్దు. ముందు రాత్రి నిద్రకు మాత్రమే ఒక చిన్న మోతాదు రాసిచ్చి, మరునాడు గ్యాస్‌తో పని చేసే పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది.

నరానికి ఇచ్చే మత్తు

అడ్డంగా పెరిగిన జ్ఞానదంతాలను కోసి తీయవలసినప్పుడు, ఒకే పూట చాలా పళ్ళు తీయవలసినప్పుడు, ఐదు ప్రశ్నల కొలమానంలో భయం 19 గానీ అంతకు మించి గానీ వచ్చినప్పుడు ఈ మార్గం విలువ తెలుస్తుంది. చేతి నరంలో చిన్న గొట్టం పెట్టి మిడజోలామ్‌ను ఒక మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము చొప్పున, ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగి చూస్తూ ఇస్తారు. మాత్రకు లేని అదుపు దీనికి ఉంది. మనిషి మగతగా ఉండి, పిలిస్తే పలుకుతాడు, నోరు తెరవమంటే తెరుస్తాడు, అయినా ఆ గంటలో జరిగినదానిలో చాలా భాగం తరువాత గుర్తుండదు. పాత చేదు అనుభవం మనసులో పాతుకుపోయినవారికి ఆ మరపు నిజంగా మేలు చేస్తుంది.

ఎదుటివైపు బరువు కూడా అంతే. మగతకూ, గాఢ నిద్రకూ మధ్య గీత లేదు. ఒకరికి మగత కలిగించిన మోతాదు మరొకరిని శ్వాస మందగించేంత లోతుకు దించవచ్చు. అందుకే పన్ను తీసే చేతులూ, శ్వాసను చూసే కళ్ళూ ఒకే మనిషివి కాకూడదు. మత్తు డాక్టరు గానీ, ఆ పనిలో శిక్షణ పొంది అది తప్ప వేరే పని పెట్టుకోని వ్యక్తి గానీ ఉండాలి. వేలికి తగిలించే ఆక్సిజన్ కొలత యంత్రం, బీపీ యంత్రం, ఆక్సిజన్ సిలిండరు, నోట్లో నీరు, రక్తం లాగే సక్షన్, కరెంటు పోయినా ఇవి పనిచేసే ఏర్పాటు ఉండాలి. వదిలే గాలిని కొలిచే కాప్నోగ్రాఫ్ ఉంటే మరీ మంచిది, ఎందుకంటే శ్వాస తగ్గిన సంగతి వేలి యంత్రం కన్నా ముందుగా అది చెబుతుంది. మిడజోలామ్‌కు విరుగుడుగా ఫ్లూమజెనిల్ అనే మందు ఉంది. దాని పని త్వరగా దిగిపోయి మగత మళ్ళీ రావచ్చు కనుక, విరుగుడు వాడినవారిని తొందరపడి ఇంటికి పంపకూడదు. నరానికే ఇచ్చే ప్రొపొఫాల్ అనే మరో మత్తు మందుకు అలాంటి విరుగుడు లేదు. మత్తు డాక్టరు లేనిచోట ప్రొపొఫాల్ ఇస్తామంటే లేచి వచ్చేయండి.

చేతి సూదికే భయపడేవారు ఈ మార్గం తమకు లేదనుకోనక్కరలేదు. గంట ముందు చేతి మీద తిమ్మిరి క్రీము రాసి కట్టు వేస్తే ఆ సూది దాదాపు తెలియదు.

తరువాతి 24 గంటల సంగతి కుటుంబంతో ముందే మాట్లాడుకోవాలి. బండి నడపకూడదు, మోటారు స్విచ్చుల దగ్గరికి వెళ్ళకూడదు, పొయ్యి దగ్గర నిలబడకూడదు, పొలం కాగితాల మీదో బ్యాంకు కాగితాల మీదో సంతకం పెట్టకూడదు. బండి వెనక కూర్చోవడం కూడా వద్దు. మగతలో ఉన్న మనిషి మలుపులో జారిపడతాడు. కారో ఆటోనో మాట్లాడుకుని, బాధ్యత తెలిసిన పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. దూరపు పల్లెలవారు ఆ రాత్రికి ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉండిపోగలిగితే ఆ వీలును వదులుకోవద్దు. రూట్ కెనాల్ లాగా రెండు మూడుసార్లు రావలసిన పనికి ప్రతిసారీ ఈ ఖర్చు, ఈ ఏర్పాటు తడిసి మోపెడవుతుంది కనుక, వీలైనంత పని ఒకే పూటలో ముగించగలరా అని ముందే అడగాలి.

పూర్తి మత్తు ఎవరికి

పెద్దవారికి మామూలు పంటి పనులకు పూర్తి మత్తు నేను సూచించను. తెలివి పూర్తిగా పోయి, శ్వాస గొట్టం పెట్టి, థియేటర్లో మాత్రమే చేసే ఈ పద్ధతి అందరికన్నా ఎక్కువ మేలు చేసేది నోరంతా పుచ్చిపోయిన చిన్నపిల్లలకు, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి స్థితుల వల్ల కుర్చీలో కుదురుగా ఉండలేనివారికి. నాలుగేళ్ళ బిడ్డకు ఎనిమిది పళ్ళు పాడైతే, మెలకువగా ఎనిమిదిసార్లు ఏడిపించడం కన్నా ఒక్క ఉదయంలో అన్నీ ముగించడం దయగల పని.

బిడ్డను నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకుని పన్ను పీకించడం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఆ పది నిమిషాలు ఆ బిడ్డకు జీవితమంతా గుర్తుంటాయి. నలభై ఏళ్ళ వయసులో బుగ్గ వాచినా క్లినిక్ మెట్లెక్కనివారిలో ఎందరో అలా తయారైనవారే. అల్లరి చేస్తే సూది వేయిస్తానని బెదిరించడం కూడా అదే పంటకు విత్తనం. పిల్లల పంటి డాక్టరు ముందు మాటతో చెప్పి, వస్తువు చూపించి, తరువాత చేసే పద్ధతిలో ఒకటి రెండు సార్లు ఓపికగా ప్రయత్నిస్తారు. అది కుదరకపోతే గ్యాస్, కొందరికి ముక్కులో చల్లే మిడజోలామ్, ఆ పైన పూర్తి మత్తు. ముక్కులో చల్లినా అది మత్తే కనుక బరువును బట్టి మోతాదు, వేలికి యంత్రం, పక్కన మనిషి తప్పనిసరి.

పూర్తి మత్తుకు ముందు గట్టి ఆహారం ఆరు గంటలు, తల్లిపాలు నాలుగు గంటలు, మంచినీళ్ళు రెండు గంటలు ఆపాలి. పాలు కలిపిన కాఫీ, టీ, మజ్జిగ, రాగిజావ నీళ్ళ లెక్కలోకి రావు, వాటికి కూడా ఆరు గంటలే. బిడ్డ ఆకలికి ఏడుస్తోందని దొంగచాటుగా బిస్కెట్టు పెట్టే అమ్మమ్మలకు ఇది ముందే చెప్పాలి. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. షుగరు మందులు వాడేవారు ఖాళీ కడుపు రోజున మాత్రలు, ఇన్సులిన్ ఎంత తగ్గించాలో తమ డాక్టరును అడగాలి.

పూర్తి మత్తుకు ఒక లోటుంది. నిద్రలో పని జరిగిపోతుంది కనుక భయం అలాగే మిగిలి, తరువాతి పంటికి మళ్ళీ మొదటికొస్తుంది. గ్యాస్‌తో రెండు మూడుసార్లు చేయించుకున్నవారిలో కొందరు ఆ తరువాత గ్యాస్ లేకుండానే కూర్చోగలుగుతారు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక జాగ్రత్త

తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో మనుషుల్లో మొదటగా వైద్య పత్రికకు ఎక్కించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. కనిగిరి, పొదిలి, దర్శి 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోనివే. ఆ మెట్ట ప్రాంతాల్లోనూ, ఉదయగిరి వైపూ పళ్ళ మీద గోధుమరంగు చారలున్న పెద్దవారు ఇప్పటికీ కనిపిస్తారు. వారిలో కొందరికి మెడ, నడుము కూడా బిగుసుకుని ఉంటాయి. మత్తు విషయంలో ఇది చిన్న సంగతి కాదు. మగతలో నాలుక వెనక్కి జారి గొంతు మూసుకుంటే మొదట చేసేది తల వెనక్కి వంచి దవడ పైకి ఎత్తడం. వంగని మెడకు అది కుదరదు. పూర్తి మత్తుకు శ్వాస గొట్టం పెట్టడమూ కష్టమవుతుంది. తలగడ లేకుండా వెల్లకిలా పడుకోలేనివారు, పైకప్పు వైపు చూడలేనివారు ఆ మాట మొదటి రోజే చెప్పాలి. వారికి తిమ్మిరి సూది, అవసరమైతే తేలికపాటి గ్యాస్, కుర్చీని పూర్తిగా వంచకుండా పని చేయడం మేలు. నరానికి మత్తు తప్పనిసరైతే క్లినిక్‌లో వద్దు, పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరు చేతిలోనే. గుట్కా, వక్కపొడి అలవాటుతో నోరు రెండు వేళ్ళు కూడా పట్టనంతగా బిగిసినవారికీ ఇదే వర్తిస్తుంది. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో పంటి విభాగం, మత్తు విభాగం రెండూ ఉంటాయి. ఏ పని ఏ రోజున చేస్తారో ఓపీలో ముందుగా కనుక్కోవాలి.

ఫోనులో అడగవలసినవి, వాళ్ళు అడగవలసినవి

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు మత్తు ఎవరు ఇస్తారు, ఆ సమయంలో వారు వేరే పని చేస్తారా, మందు ఏది, దానికి విరుగుడు క్లినిక్‌లో ఉందా, ఏదైనా జరిగితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు అని అడగండి. మంచి క్లినిక్‌వారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. మొత్తం ఖర్చులో మత్తు డాక్టరు ఫీజు కలిసి ఉందా లేదా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. సాధారణంగా మాత్ర అన్నిటికన్నా చవక, దాని తరువాత గ్యాస్, ఆపైన నరానికిచ్చే మత్తు, అన్నిటికన్నా ఎక్కువ పూర్తి మత్తు.

అంతకన్నా ముఖ్యం, వాళ్ళు మిమ్మల్ని ఏమి అడుగుతారన్నది. రాత్రి గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందా, ఏ మందులు వాడుతున్నారు, మద్యం అలవాటు ఉందా, ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు ఏమైనా జరిగిందా, గర్భం ఉందా, తోడు ఎవరు వస్తున్నారు అని అడగాలి. మెడ వంచి చూపమనాలి, నోరు ఎంత తెరుచుకుంటుందో చూడాలి, బీపీ చూడాలి. ఇవేవీ లేకుండా ఫలానా రోజు ఖాళీ కడుపుతో వచ్చేయండని మాత్రమే చెప్పే చోట నరానికి మత్తు తీసుకోవద్దు. తిమ్మిరి సూదితో చేయగలిగిన పని వరకు అక్కడ చేయించుకుని, మిగిలినదాన్ని మత్తు డాక్టరు ఉండే ఆసుపత్రికి వాయిదా వేసుకోండి; ఆలోపు చీము, వాపు తగ్గడానికి డాక్టరు రాసిచ్చిన మందుల కోర్సును మధ్యలో ఆపకుండా పూర్తి చేయండి.